పేరు మారిస్తే సరిపోతుందా?

సాయంత్రం ఆరు దాటిందంటే దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద ఖాళీ చేతులతో నడవడం కష్టం. నాలుగడుగులకో కరపత్రం చేతికొస్తుంది. ‘జావా ఫుల్ స్టాక్... ఉచిత డెమో’, ‘పైథాన్... కొత్త బ్యాచ్’, దాని పక్కనే ‘బాయ్స్ హాస్టల్... త్రీ షేరింగ్’. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్బీనగర్‌లో ఆగుతాయి. బ్యాగు భుజాన వేసుకుని అక్కడ దిగే కుర్రకారులో చాలామందికి నగరమంటే ముందు ఈ రెండు మైళ్ల రోడ్డే. కాలేజీకి కంపెనీలు రాలేదు, తెలిసినవాళ్లు లేరు. కోర్సు ఫీజు, హాస్టల్ అద్దె పోగా ఇంట్లోవాళ్లు ఇంకెన్నాళ్లు పంపగలరో తెలియదు. చేతిలో ఉన్నది రెజ్యూమె ఒక్కటే.

ఆ రెజ్యూమెలో పేరు కింద ఇప్పుడు కొత్తగా ఓ గీత చేరింది... ‘పోర్ట్‌ఫోలియో’. అంటే సొంత వెబ్‌సైట్ చిరునామా. ‘నాకు ఇది వచ్చు’ అని చెప్పడం రెజ్యూమె పని. ‘ఇదిగో, ఇది చేశాను, చూడండి’ అని చూపించడం పోర్ట్‌ఫోలియో పని. మంచి ఆలోచనే. తిరకాసు ఎక్కడొస్తోందంటే, హాస్టల్ గదుల్లో రాత్రి పదకొండింటికి ఇలాంటి మాటలు నడుస్తుంటాయి.

‘‘అన్నా, నీ పోర్ట్‌ఫోలియో ఫోల్డర్ జర నాకు గూడ పంపవా?’’

‘‘పంపుత తియ్. పేరు, ఫొటో మార్చుకో... సరిపోతది.’’

సరిపోతుందా? నల్లటి తెర, మధ్యలో ‘హాయ్, నేను ఫలానా’ అని ఒక్కో అక్షరం టైపవుతున్నట్టు వచ్చే పేరు, కిందకు జరిపితే నైపుణ్యాల పట్టీలు... హెచ్‌టీఎంఎల్ 90 శాతం, జావా 85 శాతం. ఈ శాతాలు ఎవరు కొలిచారో ఆ దేవుడికే తెలియాలి! ఇంకా కిందకెళితే మూడు ప్రాజెక్టులు. కాలిక్యులేటర్, చేయాల్సిన పనుల జాబితా, ఓ పేరున్న సినిమా సైట్‌కి నకలు. ఇవి నేర్చుకోవడానికి మంచి అభ్యాసాలే, కాదనలేం. కానీ ఒకే బ్యాచ్‌లోని నలభైమందీ అవే మూడు పెడితే, రాత్రంతా కూర్చుని సొంతంగా రాసినవాడికీ ఫోల్డర్ అడిగి తెచ్చుకున్నవాడికీ తేడా ఎలా తెలుస్తుంది? అసలు నష్టం కష్టపడ్డవాడికే.

ఫోల్డర్ తెచ్చుకున్నవాడు బయటపడటానికీ పెద్ద సమయం పట్టదు. బ్రౌజర్‌లో పైన ట్యాబ్ మీద పాత యజమాని పేరు అలాగే ఉండిపోతుంది. ఎక్కడో ఓ మూల ‘లోరెమ్ ఇప్సమ్’ అంటూ అర్థంకాని లాటిన్ ముక్క మిగిలిపోతుంది. (రెండు వేల ఏళ్ల కిందట సిసిరో అనే రోమన్ పెద్దమనిషి రాసిన గ్రంథంలోంచి మాటలు తీసి, ముక్కలు చేసి, అచ్చుపని వాళ్లు ఖాళీ జాగా నింపడానికి వాడుకున్నారు. ఆయన ఆత్మ దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చిందన్నమాట!) వీటన్నిటినీ మించింది గిట్‌హబ్. 2008లో మొదలైన ఈ వేదికలో కోడ్‌తోపాటు దాని చరిత్రా కనిపిస్తుంది. ఏ రోజు ఏ వరుస మార్చారో వివరంగా ఉంటుంది. నెల రోజుల ప్రాజెక్టు అని రెజ్యూమెలో రాసి, ఫైళ్లన్నీ ఒకే రాత్రి ఒకే మూటగా ఎక్కించి ఉంటే చూసేవారికి అనుమానం రాకుండా ఉంటుందా?

ఆ తర్వాత ఇంటర్వ్యూలో అడిగేది చిన్న ప్రశ్నే. ‘‘ఈ పేజీలో పాస్‌వర్డ్ ఎక్కడ దాస్తున్నారండీ?’’ సొంతంగా రాసినవాడు తప్పు చెప్పినా ఏదో ఒకటి చెబుతాడు. ‘‘మొదట అలాగే దాచాను సార్, తర్వాత అది ప్రమాదమని తెలిసి మార్చాను’’ అన్నాడంటే ఆ మాటకున్న విలువ 90 శాతం పట్టీకి లేదు. తెచ్చుకున్నవాడు తెర వంక చూస్తాడు.

ఇంతకీ అందులో ఏం పెట్టాలి? మూడు అరువు ప్రాజెక్టుల కన్నా ఒక్క సొంత పని మేలు. అది పెద్దదే కానక్కర్లేదు. ఉదాహరణకి హాస్టల్ మెస్ లెక్కనే తీసుకోండి. ఊరెళ్లిన రోజులకు తగ్గింపు ఎంత, మధ్యలో చేరినవాడి వాటా ఎంత... నెలాఖరుకు ప్రతి హాస్టల్‌లోనూ ఇదో పంచాయితీ. దానికి ఓ చిన్న పేజీ తయారుచేసి, పక్క గది కుర్రాళ్లతో నెల రోజులు వాడిస్తే అప్పుడు అసలు చదువు మొదలవుతుంది. ఒకడు రోజుల సంఖ్య బదులు ‘సంక్రాంతికి పోయిన’ అని రాస్తాడు. ఇంకొకడి పాత ఫోన్‌లో బటన్ తెర దాటి పోతుంది. ఫిబ్రవరిలో లెక్క తప్పుతుంది. ఇవన్నీ సరిదిద్దాక పోర్ట్‌ఫోలియోలో రాయాల్సింది ఈ కథనే. ఎవరికి ఇబ్బంది ఉంది, ఏం చేశారు, ఎక్కడ దెబ్బతిన్నది, ఎలా బాగుచేశారు, ఇంకా ఏం మిగిలింది? పది పన్నెండు వాక్యాలు చాలు. పనిచేస్తున్న పేజీకి ఓ లింకు, కోడ్‌కి ఓ లింకు. నలుగురు కలిసి చేసిన పనైతే అందులో తన వంతేమిటో విడిగా రాయాలి. ఇన్‌స్టిట్యూట్‌లో సారు చెబుతుంటే చూసి రాసిందైతే ఆ మాటా రాసేయొచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకే కాదు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవారికీ, ఫొటోగ్రాఫర్లకీ పనికొచ్చేదే. ఇక్కడ ఇంకో చిక్కుంది. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా అలవాటైన అను ఫాంట్లలో కొట్టిన తెలుగును అలాగే తెచ్చి వెబ్‌పేజీలో అతికిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వెబ్‌కి కావలసింది యూనికోడ్. మార్చి పెట్టుకోవాలి, లేదా మొదటి నుంచీ అందులోనే కొట్టాలి. మండలి, గిడుగు, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పూర్తయిన పత్రిక బొమ్మ ఒక్కటే కాకుండా, ఇంటివారు ఏమడిగారు, మొదటి నమూనా ఎలా ఉంది, ఎందుకు మారింది అన్నది పక్కన చూపిస్తే చూసేవారికి పనిమంతుడి తీరు తెలుస్తుంది. పత్రిక మీదున్న పేర్లు, ఫోన్ నంబర్లు చెరిపేసి పెట్టడం మాత్రం మరువకూడదు.

ఆ జాగ్రత్త సొంత వివరాలకీ ఉండాలి. మనకు బయోడేటా అలవాటు ఎక్కువ. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా చిరునామా, చివర్లో ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’... ఇదంతా కాగితం మీద ఒకరికిచ్చే పద్ధతి. వెబ్‌సైట్‌ని ఎవరైనా చూడొచ్చు. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగే మోసగాళ్లూ చూస్తారు. పేరు, ఏ పని కావాలి, ఉద్యోగాల కోసమే పెట్టుకున్న ఓ ఈమెయిల్... అంతవరకు చాలు. అమ్మాయిలకు ఈ మాట మరీ ముఖ్యం.

ఖర్చు గురించి భయపడక్కర్లేదు. గిట్‌హబ్ పేజెస్‌లో ఇలాంటి సైట్‌కి జాగా ఉచితం, పరిమితి 1 జీబీ. మామూలు పోర్ట్‌ఫోలియోకి అందులో వందో వంతు కూడా అవసరం పడదు... ఫోన్‌లో తీసిన 5 ఎంబీ ఫొటోలను అలాగే ఎక్కిస్తే తప్ప. ఫొటోను కుదించి పెడితే 200 కేబీలో కూడా చక్కగానే కనిపిస్తుంది. పేజీలో ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. ఎగిరే చుక్కలు, తిరిగే ఘనాలు తీసేస్తే ఆ కొలత అందుకోవడం పెద్ద కష్టం కాదు.

చిరునామా మాత్రం ఊరికే మార్చకూడదు. పది కంపెనీలకు పంపిన రెజ్యూమెలో పాత లింకే ఉంటుంది మరి! చిరునామాలు మారకూడదని వెబ్‌ని సృష్టించిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే ప్రత్యేకంగా రాశారు. అన్నీ ఒక్కచోటే ఉంచి నిశ్చింతగా కూర్చోవడమూ ముప్పే. ఒకప్పుడు లక్షలమంది సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ను 1999లో కొన్న యాహూ, జపాన్‌లో తప్ప మిగతా చోట్ల 2009లో మూసేసింది. టు-లెట్ బోర్డుల మధ్య బతికేవారికి అద్దె ఇంటి సంగతి కొత్తగా చెప్పాలా? ఫైళ్ల నకలు ఒకటి సొంత పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

లింకు ఎవరికైనా పంపేముందు ఓ చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, కంప్యూటర్ చదువుతో సంబంధంలేని స్నేహితుడి చేతికి అతని ఫోన్‌లోనే ఆ పేజీ తెరిచి ఇవ్వాలి. ఏమీ చెప్పకూడదు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి... రెండే స్టేషన్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేటప్పటికి అతను ‘‘బాగుందిరా’’ అని ఫోన్ జేబులో పెట్టుకుంటే ఇంకా పని మిగిలే ఉంది. ‘‘అవునురా, మరి నెల మధ్యలో గది మారితే లెక్క ఎట్ల?’’ అని అడిగాడనుకోండి... ఆ ప్రశ్నని రాసిపెట్టుకుని, రాత్రికి ఆ లెక్క పని చూడాలి.