చిన్న అంగీ... పాత ట్రంకు పెట్టె

బైబిల్‌లో ఒక తల్లి ఏడాదికొక చిన్న అంగీ కుట్టేది. పేరు హన్నా. పిల్లలు లేక, కన్నీళ్లతో ప్రార్థించి కన్న కొడుకు సమూయేలును పాలు మాన్పించిన తర్వాత షిలోహులోని మందిరంలో దేవుని సేవకు అప్పగించింది. ఆమె ఉండేది రామాలో. ఏటేటా బలి అర్పించడానికి భర్తతో కలిసి షిలోహుకు వెళ్లేది. ఆ వెళ్లే ప్రతిసారీ ఆమె చేతిలో ఆ ఏటి అంగీ ఉండేది (1 సమూయేలు 2:19).

కుట్టడమంటే ముందు కొలత తీసుకోవాలి. కొలవడానికి పిల్లవాడు ఇంట్లో లేడు. ఈపాటికి వాడి భుజం ఎంత ఎత్తుకు వచ్చి ఉంటుంది, చేతులు ఎంత సాగి ఉంటాయి అని ఆ తల్లి మనసులోనే కొలుచుకుని గుడ్డ కత్తిరించాలి. ఏడాది పొడుగునా కొడుకును తలచుకుంటే తప్ప ఆ కొలత కుదరదు. ఆ అంగీలో దారం ఎంత ఉందో ప్రార్థన కూడా అంతే ఉందని నేను నమ్ముతాను.

ఈ మాటలో ఇంకో విశేషం ఉంది. హీబ్రూ మూలంలో ఆ చిన్న అంగీకి వాడిన పదం ‘మెయీల్‌’. ముసలితనంలో సమూయేలు ధరించిన పైవస్త్రానికి కూడా అదే పదం వాడారు. చివరికి ఏన్దోరులోని స్త్రీ తాను చూసిన ముసలివాడు కప్పుకున్న వస్త్రాన్ని వర్ణించగానే, ఆయన సమూయేలేనని సౌలు గుర్తుపట్టాడు (1 సమూయేలు 28:14). పసివాడికి అమ్మ తొడిగిన వస్త్రం పేరే ప్రవక్తకు చివరి వరకు గుర్తుగా నిలిచింది. చిన్ననాడు ఇంట్లో పిల్లలకు తొడిగింది పెద్దయ్యాక కూడా వాళ్లను విడిచిపోదు.

క్రిస్మస్‌ దగ్గర పడుతోందంటే క్రైస్తవ ఇళ్లలో చేతిపని మొదలవుతుంది. గడ్డి పరిచి పశువుల పాక కడతారు. ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్‌ పశువుల తొట్టి, గడ్డి, ఎద్దు, గాడిదలతో క్రీస్తు జనన దృశ్యాన్ని జనం కళ్లకు కట్టినట్టు చూపించాడు. మన పాకల ఆచారం వెనుక ఆ రాత్రి ఉంది. కాగితపు నక్షత్రానికీ ఒక చరిత్ర ఉంది. జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్‌ సంఘం నడిపిన బడిలో, 1830ల ప్రాంతంలో, పిల్లలకు రేఖాగణితం అర్థం కావడానికి కోణాలు కత్తిరించి, అతికించి నక్షత్రాలు చేయించారట. సువార్త కోసం దూరదేశాలకు వెళ్లిన మిషనరీల పిల్లలు అలాంటి బడుల్లోనే ఉండి చదువుకునేవారు. రామాలో తల్లి, షిలోహులో కొడుకు ఉన్నట్టే వాళ్లకూ అమ్మానాన్నలు దూరం. లెక్కల పాఠంగా మొదలైన ఆ నక్షత్రమే తర్వాత ఇళ్లకు చేరి క్రిస్మస్‌ గుర్తు అయింది.

మా ఊళ్లో నక్షత్రం మా నాన్నగారి చేతుల మీదుగా లేచేది. వెదురు బద్దలు చీల్చి, ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టేవారు. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసల దగ్గరా బిగించి కట్టి, మధ్యలో బద్దలు కలిసే ఐదు చోట్లా చిన్న పుల్లలు నిలబెట్టేవారు. అప్పుడు నక్షత్రం పొట్ట ఉబ్బి నిలబడేది. అమ్మ మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేసేది. రంగుకాగితం అతికించే పని పిల్లలది. చిరిగితే చీవాట్లు, ముడత పడితే నవ్వులు. వెనకవైపు బల్బు పెట్టడానికి ఒక కిటికీ వదిలేవాళ్లం. సరుగుడు కర్రకు కట్టి ఇంటికప్పు మీదికి ఎత్తిన రాత్రి, ఆ వెలుగులో మా వీధి మాకే కొత్తగా కనబడేది.

ఇప్పుడు దుకాణంలో నక్షత్రం దొరుకుతుంది. కొనడం తప్పని నేననను. అందరికీ తీరిక ఉండదు, చేతిపని అందరికీ రాదు. అయితే గుడారపు పనికోసం దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపి, లోహాన్నీ రాతినీ కర్రనూ మలిచే నేర్పు ఇచ్చాడని నిర్గమకాండం 31వ అధ్యాయం చెబుతోంది. మన రక్షకుడిని నజరేతువాళ్లు వడ్రంగిగానే ఎరుగుదురు. కాబట్టి పిల్లల పక్కన కూర్చుని వేళ్లకు జిగురు అంటించుకున్న గంటను వృథా అయిన గంట అనుకోవద్దు. కుటుంబ ప్రార్థనలో నోరు విప్పని పిల్లవాడు అక్కడ బద్ద పట్టుకుని ‘నాన్నా, జ్ఞానులకు ఆ నక్షత్రం ఒక్కటే ఎందుకు కనిపించింది?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న కోసమైనా కూర్చోవాలి.

పండుగ వెళ్లాక ఇవన్నీ ఏమవుతాయి? కొన్ని చెత్తలోకి వెళ్తాయి. కొన్నింటిని అమ్మలు దాస్తారు. సండే స్కూల్లో ఇచ్చిన వాక్యం కార్డులు, మొదటి గౌను, విరిగిన పలక, పిల్లవాడు రంగులు వేసిన గ్రీటింగ్‌ కార్డు. దాచుకోమని దేవుడే నేర్పాడు. మన్నాను ఒక పాత్రలో పోసి తరతరాలకు ఉంచమన్నాడు. యొర్దాను దాటాక పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టించాడు. ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పాలి అని (యెహోషువ 4). రాయి ఊరికే నిలబడితే చాలదు. అడిగే పిల్లవాడు, చెప్పే తండ్రి ఉండాలి. కథ చెప్పేవాళ్లు లేని జ్ఞాపిక పాత సామానే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మోషే అరణ్యంలో ఎత్తిన ఇత్తడి సర్పాన్ని ఇశ్రాయేలీయులు శతాబ్దాల పాటు దాచుకున్నారు. చివరికి దానికే ధూపం వేశారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాల్సి వచ్చింది (2 రాజులు 18:4). వస్తువు మిగిలింది, వస్తువు వెనుక ఉన్న దేవుణ్ణి మరిచారు. అమ్మ ఫొటోకు ఖరీదైన ఫ్రేము కట్టించి, అమ్మ ప్రార్థనను గాలికి వదిలేసిన ఇంట్లో జరిగేదీ అదే.

ఇది ఇతరుల గురించి మాత్రమే రాయడం నాకు న్యాయం కాదు. మా అమ్మ ప్రభువునందు నిద్రించాక ఇంటిస్థలం దగ్గర నాకూ మా తమ్ముడికీ మాట తేడా వచ్చింది. సందు వైపు మూడు అడుగుల జాగా. రెండేళ్లు మేము మాట్లాడుకోలేదు. ఆ రెండేళ్లూ నేను ప్రతి ఆదివారం ప్రసంగ వేదిక ఎక్కాను. నెలనెలా ప్రభు బల్ల దగ్గర, సహోదరుడితో సమాధానపడి రమ్మని సంఘానికి చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే పరాయిగా వినిపించేది.

ఒక డిసెంబరులో మా చెల్లి అమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. మా ఇద్దరికీ విడివిడిగా ఫోన్‌ చేసి, “మీ ఇద్దరిదీ ఒక వస్తువుంది, వచ్చి చూడండి” అంది. ఏమిటో చెప్పలేదు. నేను వెళ్లేసరికి తమ్ముడు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. పాత చీర ముక్కలో చుట్టి ఉన్నది ఒక అట్టనక్షత్రం. పైన వెండిరంగు కాగితం నల్లబడింది. వెనుక పెన్సిల్‌తో 1979 అని, కింద మా ఇద్దరి పేర్లు. ఒక కొస తెగి ఉంది. తెగిన చోట తెల్లదారంతో దగ్గర దగ్గరగా కుట్లు.

చూడగానే గుర్తొచ్చింది. ఆ ఏడు దాన్ని ఎవరు కట్టాలని ఇద్దరం లాక్కుని చింపేశాం. నాన్న పారేయమన్నారు. అమ్మ మాత్రం దీపం దగ్గర కూర్చుని సూదితో అట్టను కుట్టింది. తెల్లవారేసరికి అది మళ్లీ గుమ్మానికి వేలాడింది. ఎవరి పక్షమూ తీర్పు చెప్పలేదు, కుట్టింది అంతే.

అంత వయసొచ్చి, వేదాంతం చదువుకుని, నేను మూడు అడుగుల కోసం మళ్లీ అదే కొస లాగుతున్నానని అప్పుడు అర్థమైంది. “జాగా నువ్వే ఉంచుకోరా” అన్నాను. “నాకు జాగా కాదన్నయ్యా, నువ్వు ఇంటికి రావడం మానేశావు” అన్నాడు. అన్నీ ఆ పూటే సర్దుకున్నాయని చెప్పను. కాగితాలు సరిచేసుకోవడానికి నెలలు పట్టింది, మనసులకు ఇంకొంచెం ఎక్కువే పట్టింది. మమ్మల్ని కలిపింది అట్టముక్క కాదు. మధ్యగోడను పడగొట్టి ఇద్దరిని ఒకటి చేసే ప్రభువు కలిపాడు (ఎఫెసీ 2:14). ఆ కుట్లు ఆయన పనిని గుర్తుచేశాయి. నక్షత్రం ఇప్పుడు ఒక క్రిస్మస్‌కు వాళ్లింట్లో, మరో క్రిస్మస్‌కు మా ఇంట్లో ఉంటుంది.

దాచుకోవడానికి ఏమీ మిగలనివాళ్లూ మన మధ్య ఉన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో ఇళ్లనూ మనుషులనూ కూడా తీసుకుపోయింది. ఆ రాత్రి తల్లిని పోగొట్టుకున్న ఒక సోదరి ఒకసారి నాతో, “అమ్మ మొహం చూసుకుందామన్నా ఫొటో లేదండీ అయ్యగారూ. పడుకునే ముందు మా తలమీద చెయ్యి పెట్టి చేసిన ప్రార్థనొక్కటే ఉంది, అదే నా పిల్లలకూ చేస్తున్నాను” అంది. తిమోతికి కూడా లోయి అవ్వ నుంచి, యునీకే అమ్మ నుంచి అందింది విశ్వాసమే. వేరే ఆస్తి గురించి పౌలు రాయలేదు (2 తిమోతి 1:5). నీళ్లు తీసుకుపోలేని జ్ఞాపిక అది. పైగా మనం పోగొట్టుకున్నవి దేవుని దగ్గర పోలేదు. మన కన్నీళ్లను ఆయన బుడ్డిలో దాచుకుంటాడని కీర్తనకారుడు, తన ప్రజలను అరచేతులమీద చెక్కుకున్నాడని యెషయా చెబుతున్నారు (కీర్తన 56:8; యెషయా 49:16). దాచుకోవడంలో ఏ అమ్మయినా ఆయన తర్వాతే.

ఈ క్రిస్మస్‌కు ముందు ఒక సాయంకాలం ఇంట్లో పాత పెట్టె తెరవండి. ఒక్కొక్క వస్తువూ తీసి, దాని కథ పిల్లలకు చెప్పండి. ఆ కథలో దేవుడు ఎక్కడున్నాడో కూడా చెప్పండి. ఆ పెట్టెలో మనం మాట్లాడటం మానేసిన అన్నదో తమ్ముడిదో అక్కదో చేతిరాత కనబడితే, మూత వేయకముందే ఫోన్‌ చేయండి. గొల్లలు చెప్పిన మాటలను మరియ మనసులో భద్రపరచుకుంది (లూకా 2:19). భద్రపరచుకున్న ఆ తల్లే సిలువ దగ్గర వరకూ కుమారుడి వెంట నడిచింది. దాచుకున్నది మనల్ని నడిపించాలి. అప్పుడే పండుగ పెట్టెలో మిగిలిపోకుండా గుమ్మం దాటి తమ్ముడింటి దాకా వెళ్తుంది.