మాస్టొడాన్‌లో చేరేముందు...

సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేయడంతో, 2019 నవంబరులో మన దేశంలో అనేకులు మాస్టొడాన్ వైపు మళ్లారు. దీనికి ఒకే యజమాని లేడు. ఇది వేల సర్వర్ల కూడిక. "ఏ సర్వర్‌లో చేరాలి?" అన్నదే కొత్తవారి మొదటి చిక్కు.

దీన్ని తపాలాతో పోల్చవచ్చు. శ్రీకాకుళంలో వేసిన ఉత్తరం విజయనగరంలో అందుతుంది కదా! అలాగే ఏ సర్వర్‌లో చేరినా సాధారణంగా ఇతర సర్వర్లవారితో మాట్లాడవచ్చు. అయితే ద్వేషాన్ని పెంచి పోషించే సర్వర్‌తో మిగిలినవి సంబంధం తెంచుకుంటాయి. కనుక చూడవలసింది సర్వర్ ఎంత పెద్దదని కాదు, దాని నిర్వాహకులు ఎలాంటివారని.

మతద్వేషాన్ని నిషేధించారా? ఫిర్యాదు చేస్తే వింటారా? ఖర్చు ఎవరు భరిస్తున్నారు? నియమాలు చదివాకే పేరు నమోదు చేసుకోవాలి. మాస్టొడాన్ అధికారిక జాబితాకెక్కే సర్వర్లు ద్వేష ప్రచారాన్ని అరికట్టాలి, రోజూ నకలు భద్రపరచాలి, మూసివేసేముందు మూడు నెలల గడువివ్వాలి. కొత్తవారు ఆ జాబితా నుంచి ఎంచుకోవడం మేలని మా అభిప్రాయం.

మరో హెచ్చరిక. ఇక్కడి ఆంతరంగిక సందేశం కవరులో పెట్టిన ఉత్తరం కాదు, పోస్టుకార్డు. నిర్వాహకుడు తలచుకుంటే చదవగలడు. ఇంటి గుట్టు అందులో రాయవద్దని పిల్లలకు చెప్పండి.

నచ్చకపోతే సర్వర్ మారవచ్చు. అనుచరులు వెంట వస్తారు గాని పాత రాతలు రావు. అద్దె ఇల్లు తీసుకునేముందు ఇంటి యజమానిని, ఇరుగుపొరుగును విచారించే మనం ఇక్కడా ఆ పాటి విచారణ చేయవద్దా?