సెకండ్ హ్యాండ్ బండీ, నా పరువూ

"ఏంటి బాసూ, ఇంత ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుని స్ప్లెండరా?"

మొన్న ఆఫీసు పార్కింగులో హెల్మెట్ తీస్తుంటే మా టీములో కుర్రాడొకడు అడిగాడు. వాడిది 350 సీసీ బండి, మూడేళ్ళ ఈఎంఐ. నేను నవ్వేసి ఊరుకున్నా గానీ, లిఫ్టులో ఆరో ఫ్లోరు చేరేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సమాధానం ఇక్కడ రాసేస్తే ఓ పనైపోతుంది.

నాది 2015 మోడల్ స్ప్లెండర్ ప్లస్. 24,500కి కొన్నాను. 2025 సెప్టెంబరులో చిన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక కూడా, కొత్తది కొనాలంటే రోడ్డు టాక్సూ ఇన్సూరెన్సూ అన్నీ కలుపుకుని లక్షకి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. మియాపూర్ నుంచి మాదాపూర్ వెళ్ళే మనిషికి లక్ష ఎందుకండీ? ఆ దారిలో పొద్దున తొమ్మిదింటికి వంద సీసీ వాడూ, మూడొందల యాభై సీసీ వాడూ ఒకే బస్సు పొగ పీలుస్తూ రెండో గేరులోనే ఉంటారు.

అయితే పాత బండి కొనడం చవక వ్యవహారమే గానీ తేలిక వ్యవహారం కాదు. నాకు కోడ్‌లో బగ్ ఎక్కడుందో తెలుస్తుందేమో గానీ ఇంజను చప్పుడు విని రోగం చెప్పలేను. అందుకని మా వీధి చివరి మెకానిక్ భాయ్‌కి ఐదొందలిచ్చి వెంట తీసుకెళ్ళాను. ఆ ఐదొందలు పెట్టడానికి ఏడ్చేవాళ్ళు పాత బండి జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

భాయ్ వెళ్ళగానే బండి స్టార్ట్ చెయ్యమనలేదు. ముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు. మనం వచ్చేలోపే అమ్మేవాడు వేడి చేసి ఉంచాడంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావట్లేదని అర్థం చేసుకోవాలిట. తర్వాత కిక్కు కొట్టి, రేజ్ ఇచ్చి సైలెన్సరు వైపు చూశాడు. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ తాగుతున్నట్టు, అంటే బోరు కొట్టించాలి. మీటరు 31 వేలు చూపిస్తోందని నేను సంబరపడుతుంటే ఫుట్‌రెస్టు రబ్బరు మీద వేలు పెట్టి, "మీటర్ ఎవడైనా తిప్తడు సార్, ఈ రబ్బర్ చూడుండ్రి" అన్నాడు. గీతలన్నీ అరిగి నున్నగా అద్దంలా ఉంది! బ్రేకు పెడలూ అంతే. పైగా హ్యాండిల్ వదిలేస్తే బండి ఎడమకి లాగుతోంది. ఎక్కడో గట్టిగా గుద్దేసి, కొత్త పెయింటు వేయించి అమ్ముతున్నారన్నమాట. దానికో దండం పెట్టి వచ్చేశాం.

రెండో బండే ఇప్పుడు నా దగ్గరున్నది. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడిది, ఖమ్మం వైపు వాడు. ఎలక్ట్రిక్ స్కూటరు కొనుక్కోవడానికి అమ్ముతున్నాడు. 74 వేల కిలోమీటర్లు తిరిగిందని వాడే చెప్పాడు, మీటరు కూడా అదే చెప్పింది. చాసిస్ నంబరూ ఇంజను నంబరూ ఆర్సీతో సరిపోయాయి, ఫైనాన్సు బాకీ లేదు. కొన్నాక రెండు టైర్లు, చైన్ స్ప్రాకెట్ సెట్టు, బ్రేకు షూలు, ఆయిలు, కూలీ అన్నీ కలిపి ఇంకో 6,200 వదిలింది. పాత బండి ధర వేసుకునేటప్పుడు ఈ లెక్క కలుపుకోకపోతే తర్వాత తిట్టుకోవాల్సొస్తుంది.

బేరం కుదిరాక ఆ అబ్బాయి, "ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చేస్తా అన్నా, పేరు మెల్లగా మార్పించుకో" అన్నాడు. వద్దు, ఇద్దరం కలిసి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్దామన్నాను. వాడికి విచిత్రంగా అనిపించింది. ఎందుకన్నానో చెప్తాను.

2014లో నా పాత ప్యాషన్‌ని తెలిసినవాళ్ళకి తెలిసినవాడికి అమ్మాను. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చి, డబ్బు జేబులో వేసుకుని మర్చిపోయాను. 2019లో పోలీసు స్టేషన్ నుంచి ఫోను. అప్పటికి ఆ బండి రెండు చేతులు మారింది, పేరు మాత్రం నాదే. నడిపినవాడు కూరగాయల బండి తోసుకుంటున్న ఒక పెద్దాయన్ని గుద్ది పారిపోయాడు. ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది.

అమ్మేశాను కదా, నాకేం సంబంధం అని వాదించాను. లాయరు నవ్వి, ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరు, నష్టపరిహారం వాళ్ళ మీదే పడుతుంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది అన్నాడు. చివరికి లోక్ అదాలత్‌లో 1,40,000కి రాజీ అయింది. నేను బండి అమ్మింది పంతొమ్మిది వేలకి!

అన్యాయం అనుకుంటూనే వెళ్ళాను ఆ రోజు. పెద్దాయన ఊతకర్ర పట్టుకుని కొడుకు భుజం మీద చెయ్యేసి వచ్చాడు. "నువ్వు గుద్దలేదని తెలుసు బాబూ" అన్నాడు. ఏం మాట్లాడాలో తెలీలేదు. ఆలోచిస్తే చట్టం సరిగ్గానే ఉంది. కాలు విరిగిన మనిషి ఆ బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాలా? సోమరితనం నాది. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజెయ్యాల్సిన బాధ్యత అమ్మినవాడికీ ఉంది, 30 రోజుల్లో కొన్నవాడికీ ఉంది. మనవాళ్ళలో ఎంతమంది చేస్తున్నారు చెప్పండి? కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించడం మాత్రం మర్చిపోం.

సరే, మా బండి దగ్గరికొద్దాం. లోపాలు లేవని కాదు. రెండూ డ్రమ్ము బ్రేకులే. 2019 నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లకి తప్పనిసరి చేసిన కంబైన్డ్ బ్రేకు దీనికి లేదు, వానలో భయంగానే ఉంటుంది. అందుకే యాభై దాటను. హెల్మెట్ మాత్రం కొత్తదే కొన్నా. సెకండ్ హ్యాండ్ మోజు అక్కడిదాకా పాకనివ్వకండి.

ఆ యాభైలోనే పోయిన నెల మా ఆవిడని ఎక్కించుకుని అనంతగిరి వెళ్ళొచ్చాం. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల కింద నుంచి మెల్లగా. కార్లో ఎన్నిసార్లు వెళ్ళామో, ఆ ఊడల వాసన ఒక్కసారీ తెలీలేదు. మన్నెగూడ దగ్గర టీకి ఆగితే కిక్కు పది కొట్టినా స్టార్ట్ కాలేదు. చోక్ లాగి పదకొండోది కొట్టా. మా ఆవిడ నవ్వింది, బండీ స్టార్టయింది.

పేరు మారినట్టు మెసేజ్ వచ్చిన రోజు ఆ ఖమ్మం అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. ఆర్టీఏ చుట్టూ తిరగడంలో వాడికి సగం రోజు డెలివరీలు పోయాయి, దానికి ఆరొందలు ఇచ్చానని ఇంకా మొహమాట పడుతున్నాడు. "అన్నా, సైడ్ స్టాండ్ స్ప్రింగ్ వదులైంది, చెప్పడం మర్చిపోయా" అన్నాడు. చూస్తే నిజమే. ముప్ఫై రూపాయలైంది.