పరభాషలో సొంతమాట

ఆంగ్లమును చదువుట, వ్రాయుట మాత్రమే గాక మాటలాడుట గూడ నేడు పరీక్షకు విషయమైనది. పై చదువులకై విదేశములకు పోగోరువారు వ్రాయు ఐఈఎల్‌టీఎస్ అను పరీక్ష యొకటి కలదు. 1989వ సంవత్సరమున ఆరంభమైన ఆ పరీక్షకు మన తెలుగు యువతీయువకులు వేలకొలదిగ కూర్చుండుచున్నారు. అందు మాటలాడు భాగము ప్రత్యేకముగ నుండును. అభ్యర్థి పరీక్షాధికారి యెదుట కూర్చుండి 11 మొదలు 14 నిమిషముల వఱకు సంభాషింపవలయును. నడిమి భాగమున అధికారి యొక చీటి నిచ్చును. దానిపై నొక విషయము వ్రాసియుండును. ఆలోచించుకొనుటకు ఒక నిమిషము గడువు. పిమ్మట ఒకటి రెండు నిమిషములు ఆగక మాటలాడవలయును.

ఆ చీటిపై కనబడు విషయములలో నొకటి యిది: "మీరు మెచ్చిన క్రీడాకారుని గూర్చి చెప్పుడు." ఆ క్రీడాకారు డెవరు? వారిని మీరెట్లు ఎఱుగుదురు? వారు సాధించినదేమి? మీరు వారిని మెచ్చుకొనుటకు కారణమేమి? ఈ నాలుగింటికిని జవాబు చెప్పవలసియుండును. విద్యార్థులారా! మీలో కొందఱు కొన్ని యేండ్లకు ఆ పరీక్షకు కూర్చుందురు. అంతకు ముందే పాఠశాలలో మీ ఆంగ్లోపాధ్యాయులు ఈ ప్రశ్నయే యడుగవచ్చును. కావున దీనిని గూర్చి యిపుడే ఆలోచించుట మంచిది.

ఈ ప్రశ్నకు మన పిల్లలు సాధారణముగ సిద్ధపడు తీరు చూడుడు. ఎవరో వ్రాసిపెట్టిన వ్యాసమును సంపాదించి కంఠస్థము చేయుదురు. అందు క్రీడాకారుడు మహానుభావుడు, కష్టజీవి, వినయసంపన్నుడు, కోట్ల మందికి ఆదర్శప్రాయుడు. ఆ వ్యాసమునుండి ఒక పేరు తొలగించి మఱొక పేరు చేర్చినను ఏ మార్పును అక్కఱలేదు. క్రికెట్టు ఆటగాని గూర్చి వ్రాసినది పరుగుపందెగానికిని సరిపోవును. ఎవరికైనను సరిపోవు పొగడ్త ఎవరికిని చెందదు. అట్టి మాటలు చెప్పినవాడు ఆ క్రీడాకారుని నిజముగ మెచ్చినాడని మనమెట్లు నమ్మగలము?

నా అభిప్రాయ మిది. మెచ్చుకొనుటకు ముందు ఎఱుగుట యుండవలయును. మనకు బాగుగ తెలిసిన వ్యక్తిని ఎన్నుకొని, తెలిసిన సంగతులను మనకు వచ్చిన చిన్నమాటలలో చెప్పినయెడల, ఆ మాట పరభాషలో నున్నను మన సొంతమగును. కంఠస్థము చేసిన గొప్పమాట ఎన్నటికిని మనది కాజాలదు.

దీనికి నిదర్శనము కొఱకు దూరము పోనక్కఱలేదు. నల్లమల పాదమున నున్న మహానంది క్షేత్రమునకు రండు. వానకు ఎదురుచూచు ఈ సీమలో ఎల్లకాలము నీరు పాఱు చోటది. పరరాష్ట్రముల యాత్రికులు గూడ అచటికి వచ్చుచుందురు. వారిలో తెలుగు రానివా రెవరైనను కోనేటిని గూర్చి యడిగిన, ఆ యూరి బడిపిల్లవాడు తనకు వచ్చిన నాలుగు ఆంగ్లపు మాటలతోనే చెప్పగలడు. నీటియూట స్వామి లింగము క్రింద నున్నదని చేయి చూపును. ఆ నీరు రుద్రగుండమున నిండునని, వెలుపల విష్ణుగుండము, బ్రహ్మగుండము కలవని, అటుపిమ్మట ఆ నీరే అరటితోటలకును పొలములకును పోవునని చెప్పును. కోనేటి యడుగున పడిన నాణెమును చూపి నీటి తేటదనమును ఋజువు చేయును. వాని వ్యాకరణమున తప్పు లుండవచ్చును. కాని వాడు తడబడడు. ఏలన, మాట మఱచిపోయినను నీటి దారి వానికి మఱపునకు రాదు. ఒక మాట దొరకనిచో మఱొక మాటతో ఆ సంగతియే చెప్పును. తెలిసిన విషయము మాటను వెదకి తెచ్చుకొనును. కంఠస్థము చేసినవాడు మాట పోగొట్టుకొనిన విషయమును గూడ పోగొట్టుకొనును.

క్రీడాకారుని విషయమునను ఇదియే మార్గము. మనము చూచినదానికి దగ్గఱగ నున్న ఆటను ఎన్నుకొనవలెను. రాయలసీమ గ్రామములలో తిరునాళ్ళకును పండుగలకును ఎద్దులచేత బండలు లాగించు పోటీలు జరుగును. మనుష్యులు బరువైన ఱాతిగుండును ఎత్తి బలము చూపుదురు. కొన్నియెడల బండి యిరుసును ఎత్తుదురు. గుండును నేలనుండి కదల్చుట యెంత కష్టమో, మోకాళ్ళవఱకు తెచ్చినను భుజమునకు చేర్చుట మఱెంత కష్టమో మీలో చాలమంది కన్నులార చూచియుందురు. దీనిని చూచిన పిల్లవానికి కరణం మల్లీశ్వరి గొప్పతనము వేఱొకరు చెప్పకయే యర్థమగును.

మల్లీశ్వరి మన తెలుగు బిడ్డ. 1975లో జన్మించి, శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పెరిగెను. తండ్రి రైల్వే రక్షకదళమున కానిస్టేబులు. నీలంశెట్టి అప్పన్న శిక్షణలో ఆమె బరువు లెత్తుట నేర్చెను. 1994లోను, 1995లోను ప్రపంచ విజేత యయ్యెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బరువుల పోటీ మొదటిసారి ప్రవేశపెట్టబడినది 2000వ సంవత్సరమున, సిడ్నీ నగరమున. ఆ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన 69 కిలోల తరగతిలో ఆమె కాంస్యపతకము గెలుచుకొనెను. ఒలింపిక్ పతకము నందుకొనిన భారత మహిళలలో ఆమెయే ప్రథమురాలు.

ఇంతవఱకు చెప్పినవి ఏ పుస్తకమునందైనను దొరకును. కాని ఎఱుగుట యనగా ఇంకొక యడుగు లోనికి పోవుట. ఆ పోటీలో బరువును రెండు విధముల ఎత్తవలయును. స్నాచ్ అను మొదటి విధమున నేలపై నున్న బరువును ఒక్క యూపున తలపైకి తీసికొనిపోవలెను. క్లీన్ అండ్ జెర్క్ అను రెండవ విధమున ముందు భుజములవఱకు తెచ్చి, పిమ్మట తలపైకి ఎత్తవలెను. ఒక్కొక్క విధమునకు మూడు అవకాశము లుండును. రెండింటిలోని మేలైన బరువులను కూడుదురు. మల్లీశ్వరి మొదటి విధమున 110, రెండవ విధమున 130, మొత్తము 240 కిలోలు ఎత్తెను. 130 కిలోలనగా ఎంత? అంగడిలో అమ్ము 25 కిలోల బియ్యపు బస్తాలు ఐదింటిని ఒక్కటిగ కట్టి, వానిపై మఱి ఐదు కిలోలు పెట్టినంత. ఈ పోలిక చెప్పిన విద్యార్థికి "అద్భుతము" అను మాటతో పనిలేదు. వినువాడే ఆ మాట యనుకొనును.

ఆ పోటీలో స్వర్ణమును గెలిచిన చైనా దేశపు లిన్ వైనింగు, రజతమును గెలిచిన హంగరీ దేశపు ఎర్జెబెత్ మార్కుష్ ఇరువురును 242.5 కిలోలే ఎత్తిరి. మల్లీశ్వరికిని వారికిని భేదము రెండున్నర కిలోలు మాత్రమే. తన చివరి యవకాశమున ఆమె 137.5 కిలోలకు ప్రయత్నించెను. అది యెత్తియుండిన మొత్తము 247.5 కిలోలై అగ్రస్థానము లభించియుండును. బరువు నిలువలేదు, కాంస్యము మిగిలెను. ఇచట ఆలోచనకు చోటున్నది. అంత పెద్ద బరువును కోరుట సాహసమా, తొందరపాటా? కొంత తక్కువ కోరియుండిన మేలుగ నుండెడిదా? మీలో ఒకడు సాహసమనవచ్చును, ఇంకొకడు కాదనవచ్చును. ఇరువురికిని చెప్పుటకు కారణము లుండును. ఎఱుకనుండి అభిప్రాయము పుట్టుట యనగా నిదియే. "ఆమె అందఱికి ఆదర్శము" అను వాక్యమునుండి ఇట్టి చర్చ యేదియు పుట్టదు.

"నాకు ఆంగ్లము రాదు, ఇన్ని సంగతులు ఎట్లు చెప్పుదును?" అని కొంద ఱడుగుదురు. పై సంగతులను మఱల చూడుడు. ఆమె పల్లెలో పెరిగెను. ఆమె తండ్రి కానిస్టేబులు. ఆమె 130 కిలోలు ఎత్తెను. ఇంకను ఎత్తుటకు ప్రయత్నించెను. నెగ్గలేదు. ఆంగ్లమున ఇవి నాలుగైదు మాటల వాక్యములు. "షీ లిఫ్టెడ్ 130 కిలోగ్రామ్స్" అనుటకు ఎనిమిదవ తరగతి ఆంగ్లము చాలును. చిన్న వాక్యములను చక్కగ పలుకగలిగిన పిమ్మట, "అయినను", "ఏలన", "అందువలన" అను అర్థమునిచ్చు మాటలతో వానిని కూర్చుట నేర్చుకొనవచ్చును. భాష పెరుగు విధమిది.

కంఠస్థము చేయుటను పూర్తిగ నిందింపరాదని పెద్దలు చెప్పవచ్చును. పిఱికి పిల్లవానికి అది ధైర్యము నిచ్చును గదా యందురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. పద్యములను మనము కంఠస్థము చేయుదుము. అందువలన భాషపై చవి కలుగును. అయితే పద్యము చదువునపుడు ఆ మాటలు కవివి యని అందఱు నెఱుగుదురు. "మీరెవరిని మెచ్చుకొందురు?" అని యడిగినపుడు పరుల మాటను మనదిగ చెప్పుట వేఱు. పైగా ఆ ధైర్యము చాలకాలము నిలువదు. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో చీటి భాగము ముగిసిన పిమ్మట మూడవ భాగ ముండును. అందు అధికారి అదే విషయమునకు సంబంధించిన ప్రశ్నలు నాలుగైదు నిమిషముల పాటు అడుగును. గ్రామములలో ఆటలకు తగిన వసతులు కలవా? బాలికలను ఆటలకు పంపుటకు తల్లిదండ్రులు ఇష్టపడుదురా? ఓడినవారినుండి మనమేమి నేర్చుకొనవచ్చును? వీనికి కంఠస్థ వ్యాసమున జవాబులు లేవు. ధైర్యమునకై నేర్చినదే ఆ వేళ భయమునకు కారణమగును.

"మన ప్రాంతపు వారిని అధికారి యెఱుగడు, పేరుగాంచిన వారినే చెప్పుట క్షేమము" అను వాదము మఱొకటి. ఇదియు సరికాదు. ఎఱుగనివారికి ఎఱుకపఱచుటయే గదా మాటలాడుట! అధికారికి ముందే తెలిసిన విషయమును చెప్పుటకంటె తెలియనిది చెప్పుట వలన వినువానికి ఆసక్తి కలుగును. 2025వ సంవత్సరము నవంబరు 2వ తేదీన నవీ ముంబైలో దక్షిణాఫ్రికాపై గెలిచి మహిళల క్రికెట్టు ప్రపంచకప్పును సాధించిన భారత జట్టులో మన కడప జిల్లా బాలిక శ్రీచరణి యుండెను. ఎడమచేతితో బంతిని త్రిప్పి వేయుట ఆమె విద్య. కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల విద్యార్థులు ఆమె నడచిన మట్టి యెట్టిదో, ఆ యెండ యెట్టిదో వేఱొకరిని అడుగనక్కఱలేదు. మెచ్చదగినవా రందఱును దూరదేశముల వారే యను భ్రమ మనకు ఉండరాదు. అట్లని దూరపువారిని మెచ్చరాదనియు కాదు. ఎవరిని ఎన్నుకొనినను, వారు చేసిన పనిని తెలిసికొని ఎన్నుకొనుడు.

ఇక మార్కుల మాట. ఆ పరీక్షలో మార్కులు నాలుగు విషయములను బట్టి యిచ్చెదరు: ధారాళముగను పొందికగను మాటలాడుట, పదసంపద, వ్యాకరణము, ఉచ్చారణ. చెప్పినది నిజమా కాదా యని అధికారి విచారింపడు. అట్లయిన నిజము చెప్పుటవలన లాభమేమని మీరు ప్రశ్నింపవచ్చును. ధారాళము, పొందిక అను మొదటి గుణము విషయము తెలిసినవానికే సులభముగ లభించును. కంఠస్థము చేసిన పలుకును గుర్తుపట్టుటకు అధికారులకు శిక్షణ గూడ నుండును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. మార్కులు ఒకనాటివి. పరుల యెదుట తన మనస్సులోని మాటను తన నోట చెప్పగల శక్తి జీవితమంతయు వెంట నుండును. ఉద్యోగమునకై పోయినను, న్యాయము కోరి పోయినను, ఆ శక్తియే మనలను నిలుపును. పల్లెటూరి పిల్లలకు ఈ శక్తి మఱింత అవసరము; వారి పక్షమున మాటలాడువారు తఱచుగ ఇతరులే గనుక.

ఉపాధ్యాయులకును ఒక మనవి. తరగతిలో ఈ ప్రశ్న యడిగినపుడు ముందుగ వ్యాసము వ్రాయించి యీయకుడు. "నీ వెవరిని చూచితివి? వారేమి చేసిరి? నీకు ఆశ్చర్యము కలిగించినదేమి?" అని తెలుగులోనే అడుగుడు. పిల్లవాడు తెలుగులో చెప్పగలిగిన పిమ్మట దానిని ఆంగ్లమున చెప్పుటకు తోడ్పడుడు. తెలుగులో చెప్పలేని సంగతిని ఆంగ్లములో చెప్పుమనుట పునాది లేక గోడ కట్టుమనుటయే.

విద్యార్థులారా! బరువు లెత్తు వేదికపై నిలిచిన క్రీడాకారిణి చేతిలో నున్న బరువును ఇతరు లెవ్వరు నెత్తిపెట్టరు. శిక్షకుడు నేర్పును, ఎత్తవలసినది ఆమెయే. మాటలాడుటయు నట్టిదే. ఎత్తగలిగినంత ఎత్తుడు, రేపు మఱికొంత ఎత్తవచ్చును. మీరు మెచ్చినవారిని గూర్చి ఈ వారమే ఐదు నిజమైన సంగతులు తెలిసికొని, ఐదు చిన్న వాక్యములలో మీ మిత్రునకు చెప్పిచూడుడు. అతడు ఒక ప్రశ్న యడిగినచో మీ మాట అతనికి అందినదని గ్రహింపుడు.