కృత్రిమ యుద్ధం – నిజమైన పాఠం

రథ గజ తురగ పదాతి దళాలను గళ్ళ పలకపై నిలిపిన చదరంగం భారతీయుల సృష్టి. రక్తం చిందకుండా యుద్ధతంత్రాన్ని అభ్యసించాలన్న మానవుని కోరిక అంత ప్రాచీనమైనది. ఆ పలక స్థానాన్ని నేడు కంప్యూటర్ ఆక్రమించింది.

అమెరికా రక్షణశాఖ ప్రోత్సాహంతో కాల్‌టెక్ పరిశోధకులు 1998 మార్చిలో ఒక అపూర్వ ప్రయోగం చేశారు. 9 కేంద్రాలలోని 13 సమాంతర కంప్యూటర్లను అనుసంధానించి, 1,386 ప్రాసెసర్ల సాయంతో 1,00,298 సైనిక వాహనాలు పాల్గొన్న కృత్రిమ యుద్ధాన్ని నడిపారు. సమాంతర కంప్యూటర్‌లో పని అనేక ప్రాసెసర్ల మధ్య విభజింపబడుతుంది. ఒక్కొక్కటి కొన్ని వాహనాల బాధ్యతను వహిస్తుంది. అయితే లక్ష వాహనాలలో ప్రతి ఒక్కటీ తన కదలికను మిగిలిన అన్నింటికీ తెలపాలంటే, ఒక్క విడతకే దాదాపు వెయ్యి కోట్ల సందేశాలు కావాలి. కొండకు ఆవలనున్న ట్యాంకు సమాచారం ఈవలి ట్యాంకుకు అనవసరం. అందువల్ల ఎవరికి ఏ సమాచారం అవసరమో దానినే చేరవేసే ఏర్పాటు చేశారు. ఈ వివేకమే ఆ ప్రయోగానికి ప్రాణం.

ఇట్టి అభ్యాసం వలన ఇంధనం ఆదా అవుతుంది. శిక్షణలో ప్రమాదాలు తగ్గుతాయి. కాని వాహనాల సంఖ్య పెరిగినంత మాత్రాన సత్యం పెరగదు. వాహనం వేగం, ఫిరంగి పరిధి అంకెలలో ఒదుగుతాయి. సైనికుని భయం, సేనాపతి మొండితనం అంత సులభంగా ఒదగవు.

2002లో అమెరికా జరిపిన ‘మిలీనియం ఛాలెంజ్’ విన్యాసాలే ఇందుకు నిదర్శనం. అందులో కంప్యూటర్ యుద్ధం కూడ ఒక భాగం. శత్రుపక్షానికి నాయకత్వం వహించిన విశ్రాంత సేనాని పాల్ వాన్ రైపర్ క్షిపణులతో, చిన్న పడవలతో ఆకస్మికంగా దాడిచేసి, కంప్యూటర్ లెక్కలో 16 నౌకలను ముంచివేశారు. నిర్వాహకులు ఆ నౌకలను మరల తేల్చి విన్యాసాలను కొనసాగించారు. మిగిలిన రోజుల శిక్షణ వ్యర్థం కారాదన్నది వారి వాదన. తన పక్షానికి సంకెళ్ళు వేశారన్నది వాన్ రైపర్ ఆక్షేపణ.

నిర్వాహకుల వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అయినా ఊహించని ఓటమి నేర్పే పాఠం ముందుగా నిర్ణయించిన గెలుపు నేర్పలేదు. నౌకలను తేల్చడానికి ముందే, అవి ఎందుకు మునిగాయో విచారించడం వివేకుల లక్షణం. కృత్రిమ యుద్ధంలో మునిగిన నౌక తిరిగి తేలుతుంది. కడలిలో మునిగిన నౌక, దానితో పోయిన ప్రాణాలు తిరిగి రావు. కావున యంత్రశక్తిని పెంచుకొనే దేశాలు, ఆ యంత్రం తెలిపే అప్రియసత్యాన్ని ఆలకించే ధైర్యాన్ని కూడ పెంచుకోవాలి.