హెచ్.పి. అంకె చూసి ట్రాక్టరు కొంటే చాలదు

ట్రాక్టరు కొనడానికి షోరూముకు వెళ్లిన రైతును ముందుగా అడిగే మాట "ఎన్ని హెచ్.పి.ది కావాలి?" అనే. బ్యాంకు కాగితాల్లోనూ అదే అంకె. పక్క పొలం ఆయన 45 కొంటే మనం 50 కొనాలనే పోటీకీ అదే అంకె. కానీ నల్లరేగడిలో నాగలి లోతుగా దిగి ఇంజను గొంతు మారినప్పుడు మనల్ని గట్టెక్కించేది టార్క్. దాని సంగతి అమ్మేవాళ్లు చెప్పరు, మనమూ అడగం.

టార్క్ అంటే తిప్పే బలం. బిగుసుకుపోయిన నట్టు పొట్టి పానాకు కదలకపోతే పానాకు పైపు తొడిగి తిప్పుతాం కదా, ఆ పైపు వల్ల పెరిగేది టార్కే. ఆ బలంతో నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో కూడా కలిపి చెప్పే లెక్క హెచ్.పి. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని, ఆర్.పి.ఎం.తో గుణించి, సుమారు 7,000తో భాగిస్తే హెచ్.పి. వస్తుంది. అంటే బలం అంతగా లేకున్నా చుట్లు పెంచి హెచ్.పి.ని పెద్దగా చూపించవచ్చు.

లెక్క కోసం రెండు ట్రాక్టర్లు అనుకుందాం. రెండూ 2,000 చుట్ల దగ్గర 47 హెచ్.పి. ఇస్తాయి. అప్పుడు రెంటి టార్కూ దాదాపు 165. గట్టి నేల తగిలింది, చుట్లు పడిపోయాయి. 1,200 దగ్గరికి వచ్చేసరికి మొదటి దాని టార్క్ 200కు పెరిగింది, రెండో దానిది 178 దగ్గరే ఆగింది. మొదటిది గుర్రుమంటూనే లాగేస్తుంది. రెండోదానికి గేరు మార్చాలి, లేదా నాగలి పైకి లేపాలి. ఇలా పెరిగే బలాన్నే బ్యాకప్ టార్క్ అంటారు. మొదటి దానికి 21 శాతం, రెండోదానికి 8 శాతం. షోరూములో మాత్రం రెంటి మీదా 47 అనే రాసి ఉంటుంది.

టార్క్ బాగా ఉండే చుట్ల నుంచి పూర్తి హెచ్.పి. వచ్చే చుట్ల దాకా ఉన్న మేరను పవర్ బ్యాండ్ అంటారు. లారీ డ్రైవర్లకు ఇది చదువు లేకుండానే తెలుసు. చాలా లారీల మీటరులో పచ్చ రంగు పట్టీ ఉంటుంది. ధాన్యం లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఆ పచ్చ దాటి కిందికి జారకముందే గేరు తగ్గిస్తారు. జారితే ఇంజను వణుకుతుంది, నల్ల పొగ కక్కుతుంది. పచ్చ దాటి పైకి పోతే డీజిలు దండగ. మన ట్రాక్టరు ట్రక్కు లాగినా ఇదే పద్ధతి. కానీ మన పిల్లలకు స్టీరింగు పట్టడం నేర్పిస్తున్నాం, ముల్లు చూడటం నేర్పించడం లేదు. ఖాళీ ట్రక్కుతో ఇంటికొస్తూ కూడా ఫుల్ రేజు! తేలిక పనికి పై గేరు వేసి రేజు తగ్గిస్తే డీజిలు మిగులుతుంది. రోటవేటరుకు మాత్రం పి.టి.ఓ. 540 చుట్లు తిరగాలి కాబట్టి అక్కడ ఇష్టం వచ్చినట్టు తగ్గించలేం. ఎకానమీ పి.టి.ఓ. ఉన్న బండి అయితే తక్కువ ఇంజను చుట్లలోనే ఆ 540 ఇస్తుంది.

ఇంకో సంగతి. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటితో ఆ బండ్ల ధర పెరిగింది. దాంతో 50కి కాస్త లోపల ఆగే మోడళ్ల మీదే కంపెనీల చూపు పడింది. ఒకే 49 హెచ్.పి. కింద చిన్న ఇంజనూ ఉండవచ్చు, పెద్ద ఇంజనూ ఉండవచ్చు. కాబట్టి ఆ అంకె ఇప్పుడు మునుపటి కన్నా తక్కువే చెబుతోంది.

టార్క్ ఎక్కువైతే చాలని కూడా మేము అనం. చల్క నేలలో గొర్రు తోలుకునే రైతుకు చిన్న బండి చాలు, పెద్దది కొంటే మిగిలేది కిస్తీలే.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. పి.టి.ఓ. దగ్గర వాస్తవంగా వచ్చే హెచ్.పి. ఎంత, గరిష్ఠ టార్క్ ఏ చుట్ల దగ్గర, బ్యాకప్ ఎంత, డీజిలు ఎంత తాగుతుంది అన్నవన్నీ ఆ నివేదికల్లో ఉంటాయి. కానీ అవి ఇంగ్లీషులో ఉంటాయి. ఆ నాలుగు అంకెలనూ తెలుగులో ప్రతి షోరూము గోడ మీద పెట్టాలని, అలా పెట్టని డీలరుకు సబ్సిడీ అమ్మకాలు ఇవ్వకూడదని వ్యవసాయ శాఖను మన సంఘం అడగాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మన మండల కమిటీలు యువరైతులను అక్కడికి శిక్షణకు పంపాలి.

ఈలోగా ట్రాక్టరు కొనబోయే సభ్యులు అడ్వాన్సు ఇవ్వకముందే నివేదిక అడగండి. డెమో షోరూము ముందున్న ఖాళీ జాగాలో ఒప్పుకోవద్దు. మన పొలంలో, మన నాగలితో, గట్టి మూలలో దున్ని చూపించమనండి.