వాహనమా, నిక్షేపమా?

పరుగెత్తుటకై పుట్టిన యంత్రమును పట్టుబట్ట కప్పి గదిలో బంధించి, దానిని సంరక్షించుచున్నామని చెప్పుకొనుట నేటి ధనికులలో ఒక మర్యాదగా మాఱినది. ఇది సంరక్షణము కాదు, రసికత చాటున సాగుచున్న లోభము అని నా మనవి. ఇందులకు జర్మనీదేశపు పోర్షే 911 అను పందెపుజాతి కారు కంటె మంచి తార్కాణము దొరకదు.

1963లో లోకమునకు కనబడిన యీ కారు ఇంజను నీటితో గాక గాలితో చల్లబడుచుండెను. ఆ పద్ధతిలో కడపటి తరము 993 అను సంకేతముతో 1993లో వెలువడి 1998లో ముగిసెను. కడపటిదన్న పేరే కాలక్రమమున దాని వెలను పెంచెను. ఆ తరమున భేదములు పెక్కులు. కరేరా అను సామాన్యరూపము మొదట 272 అశ్వశక్తి గలది. టర్బో 408 అశ్వశక్తితో నాలుగు చక్రములను త్రిప్పును. ఆర్.ఎస్. 300 అశ్వశక్తి గలది. బరువు తగ్గించుటకై అందు వెనుక సీట్లను తీసివేసిరి. టార్గాకు వెనుకకు జరుగు అద్దపు కప్పు కలదు. కరేరా ఎస్. టర్బోవంటి వెడల్పాటి దేహమును ధరించినను, టర్బో లేని యింజనుతో వెనుక చక్రములనే నడుపును.

ఈ భేదములు నిజమైనవే. వానిలో నొకదానిని ఎంచుకొనుట తప్పును గాదు. బిడ్డలను వెంటగొని పోవలసినవానికి వెనుక సీటులేని ఆర్.ఎస్. ఏల? పందెపు బాటపై పరుగుదీయించువానికి అద్దపు కప్పు బరువేల? పనినిబట్టి రూపము నెంచుట వివేకము. కాని సేకరించువారు అడుగు ప్రశ్నలు వేఱు. “ఎన్ని చేసిరి? ఎన్ని మైళ్లు తిరిగినది?” ఈ రెంటితో వారి విచారణ ముగియును. తక్కువగా చేసినది గొప్పది. తక్కువగా తిరిగినది మఱింత గొప్పది! పెండ్లికూతురి గుణ మడుగక కట్నమెంతయని యడుగువానికిని వీరికిని భేద మేమి?

ఈ లెక్క యెంత నిలుకడలేనిదో 911 ఆర్. అను రకము చూపినది. 2013లో వచ్చిన జి.టి.3 రకమునకు చేతితో మార్చు గేరు లేకపోయెను. ఆ కొఱతను తీర్చుచు 2016లో 500 అశ్వశక్తి గల ఆర్. రకమును 991 కార్లు మాత్రమే చేసిరి. వెంటనే మాఱుబేరమున వాని వెల అసలు వెలను ఎంతో మించిపోయెను. 2017లో ఆ సంస్థయే, అంతటి శక్తియే గల క్రొత్త జి.టి.3కి చేతిగేరును మరల నొసగగా, పెరిగిన వెల దిగజాఱెను. కారులో ఒక్క మరయైనను మాఱలేదు. గేరు మార్చు ఆనందమునకై కొన్నవాడు ఏమియు పోగొట్టుకొనలేదు. సంఖ్యను కొన్నవాడే చింతపాలయ్యెను.

“మేము దాచకున్న రాబోవు తరములకు మిగులునా?” యని వారందురు. దాచినంతమాత్రమున మిగులదు. కదలని కారులో బ్యాటరీ చచ్చును, రబ్బరు బిగిసి పగులును, పెట్రోలు చెడును, బ్రేకునూనె తేమను పీల్చుకొనును. అరగకున్నను టైరు ఏండ్లు గడచినకొలది ముసలిదగును. ష్టుట్‌గార్టులోని పోర్షే మ్యూజియమువారే తమ పాతకార్లను రోడ్లమీదికి దెచ్చి నడుపుచుందురు. చేసినవారికి లేని భయము కొన్నవారి కేల?

మఱియొక నష్టము కలదు. గాలితో చల్లబడు ఇంజనును విప్పి, సరిచేసి, మరల కూర్చు నేర్పు ఒకరి చేతినుండి మఱొకరి చేతికి దిగవలసిన విద్య. తాళము పడిన కారుతో మెకానిక్కునకు పని లేదు. పని లేనిచోట శిష్యుడును చేరడు. ఇట్లు కారును దాచినవారే దానిని బ్రతికించు విద్యకు శత్రువులగుచున్నారు.

కావున కొనదలచినవారు మొదట తాము తిరుగు బాటను తలచుకొని, పిమ్మట మరమ్మతుల లెక్కలను, చట్రమునందలి తుప్పును పరీక్షించి, ఆ వెనుక రకము పేరు చదువుదురుగాక! అరుదైన రకమే చేతికందినచో అదియు మంచిదే. తఱచుగా దానిని నడుపుడు. అందులకు మనసొప్పనివారు నడుపువారికి దానిని విడిచిపెట్టుడు.